హైదరాబాదు క్లోరోఫారం నివేదిక: ఒక విమర్శ

హైదరాబాదు నగరానికి ప్రపంచ వైద్య చరిత్రలో పేరు తెచ్చిపెట్టిన గ్రంథం ఒకటి ఉన్నది. అది రెండవ హైదరాబాదు క్లోరోఫారం కమిషన్ వారి నివేదిక. 1889వ సంవత్సరం చివరి నెలలలో జరిగిన పరీక్షల ఫలితాలు 1890లో లండను నుంచి వెలువడే ‘లాన్సెట్’ వైద్య పత్రికలోనూ, 1891లో పుస్తకరూపంలోనూ ప్రకటితమైనవి. నగర చరిత్ర రాసేవారు దీన్ని తలవక మానరు. నిజాం ప్రభువు ఇచ్చిన వేయి పౌన్లను, ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చిన పండితుణ్ణి, పరీక్షకు తెచ్చిన కుక్కలను, కోతులను వర్ణించి, ఇంతటి పరిశోధన మన ఊళ్ళో జరిగినదని సంతోషించి అక్కడితో ఆపుతారు. నివేదిక ఏమి తేల్చినది, తేల్చినది నిజమా అని అడిగేవారు తక్కువ.

అడగవలసి ఉన్నది. ఎందుకంటే ఆ నివేదిక తేల్చిన ప్రధాన విషయం తప్పు. తప్పు చేసినవారు తెలివితక్కువవారు కారు, సోమరులు కారు, మోసగాళ్ళు అంతకన్నా కారు. అయినా తప్పు జరిగినది. అది ఎట్లా జరిగినదో విచారిస్తే, ఆపరేషనుకు ముందు, ఆపరేషను జరిగేటప్పుడు, ఆ తరువాత రోగి ఎంత క్షేమంగా ఉన్నాడో కొలవడం ఎంత చిక్కు పనియో తెలుస్తుంది. ఆ చిక్కు నేటికీ పూర్తిగా విడలేదు.

మొదట తగాదా ఏమిటో చెప్పాలి. 1847 నవంబరులో ఎడింబరోలో జేమ్స్ సింప్సన్ క్లోరోఫారాన్ని మత్తుమందుగా వాడినాడు. రెండు మూడు నెలలైనా తిరగక ముందే, 1848 జనవరి 28వ తేదీన, న్యూకాసిల్ సమీపంలో హన్నా గ్రీనర్ అనే పదిహేనేండ్ల పిల్ల కాలిగోరు తీసే చిన్న ఆపరేషనుకోసం క్లోరోఫారం పీల్చి రెండు మూడు నిమిషాలలో చనిపోయినది. ఆపైన అటువంటి మరణాలు ఒకటొకటిగా వినబడసాగినవి. రోగి అకస్మాత్తుగా ఎందుకు చనిపోతున్నాడు? క్లోరోఫారం తిన్నగా గుండెను ఆపుతుందని లండను వైద్యులు అన్నారు. కాదు, మోతాదు మించినప్పుడు శ్వాస ముందు ఆగుతుంది, గుండె ఆ తరువాతనే ఆగుతుంది అని ఎడింబరో వైద్యులు అన్నారు. ఇది పుస్తకాలలో ఉండిపోయే వాదం కాదు. గుండె ఆగుతుందనుకొనేవాడు రోగి మణికట్టు మీద వేలు పెట్టి నాడి చూస్తాడు. శ్వాస ఆగుతుందనుకొనేవాడు రోగి రొమ్మును, ముక్కును చూస్తూ కూర్చుంటాడు. మత్తుమందు ఇచ్చేవాడు ఎక్కడ చూడాలన్నదే ప్రశ్న.

ఇరుపక్షాల చేతిలోనూ లెక్కలు ఉండినవి. ఇరువురివీ సగం లెక్కలే. లండనులో జాన్ స్నో క్లోరోఫారం మరణాలను ఓపికగా సేకరించినాడు. ఆయన గ్రంథం 1858లో, ఆయన చనిపోయిన తరువాత, అచ్చయినది. అందులో 50 మరణాల వివరాలు ఉన్నవి. కాని అవి ఎన్ని వేలమందిలో జరిగిన 50 అన్నది ఎవరికీ తెలియదు. ఎడింబరోలో జేమ్స్ సైమ్ తాను అయిదు వేల సార్లు క్లోరోఫారం వాడినా ఒక్క ప్రాణం పోలేదని చెప్పుకొనేవాడు. ఈయన దగ్గర మందు పుచ్చుకొన్నవారి సంఖ్య ఉన్నది, చనిపోయినవారి సంఖ్య సున్న. ఒకరికి పైఅంకె ఉన్నది, కిందిది లేదు. మరొకరికి కిందిది ఉన్నది, పైది లేదు. భిన్నం ఎవరి దగ్గరా పూర్తి కాలేదు.

ఆ సైమ్ శిష్యుడే ఎడ్వర్డ్ లారీ. హైదరాబాదుకు రెసిడెన్సీ సర్జనుగా వచ్చి, ఇక్కడి వైద్య పాఠశాలకు అధిపతియై, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో గురువుగారి పద్ధతినే నేర్పినాడు. నాడి ముట్టుకోవద్దు, శ్వాస చూడు అన్నది ఆ పద్ధతి. (1908 మూసీ వరదలో కొట్టుకొనిపోయినది ఈ ఆసుపత్రే. నేటి ఉస్మానియా ఆసుపత్రి దానికి వారసురాలు.) 1888లో ఆయన మొదటి కమిషన్‌ను ఏర్పాటు చేయించినాడు. కుక్కలమీద పరీక్షలు జరిగినవి. శ్వాసే ముందు ఆగుతున్నదని తేలినది. లాన్సెట్ పత్రిక నమ్మలేదు. అప్పుడు డాక్టరు లారీ ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ను ఒప్పించి, మీకు నమ్మకమున్న పండితుణ్ణి మీరే పంపండి, ఖర్చు మాది అని ఆ పత్రికకు వేయి పౌన్లు ఇప్పించినాడు. లాన్సెట్‌వారు లాడర్ బ్రంటన్‌ను పంపినారు. గుండె మీద మందుల ప్రభావాన్ని గురించి ఆనాడు ఆయనకన్న పేరున్నవారు అరుదు. పైగా క్లోరోఫారం గుండెకు ప్రమాదకరమని ఆయన నమ్మకం. ప్రతిపక్షం వాణ్ణే న్యాయమూర్తిగా పిలిచిన ఈ ధైర్యాన్ని మెచ్చుకోక తప్పదు.

బ్రంటన్, లారీ, బాంఫోర్డ్, రుస్తుంజీలు కలిసి పని చేసినారు. వైద్య పాఠశాల విద్యార్థులు సాయపడినారు. ప్రపంచంలో మత్తుమందు వైద్యం చేసిన తొలి మహిళా వైద్యులలో ఒకరుగా నేడు తలచుకొనే రూపాబాయి ఫర్దూంజీ వారిలో ఒకరు. కుక్కలు, గుర్రాలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్ళు కలిపి సుమారు 490 జంతువులకు మత్తు ఇచ్చినారు. వాటిలో 120కి రక్తపు పోటును గీతలుగా గీసి చూపే యంత్రం తగిలించి, ఆ గీతలన్నిటికీ ఫొటోలు తీసినారు. చివరకు బ్రంటన్ మనసు మార్చుకొన్నాడు. ప్రమాదం ఊపిరాడకపోవడం వల్ల గాని, మోతాదు మించడం వల్ల గాని వస్తుంది, గుండెకు తిన్నగా ఏ ప్రమాదమూ లేదు అని లండనుకు తంతి పంపినాడు.

నివేదికలో గొప్ప గుణాలు ఉన్నవి. ప్రతి పరీక్షకూ ఏ జంతువు, ఎంత మందు, ఏ నిమిషంలో ఏమి జరిగినది అన్నది వరుసగా అచ్చువేసినారు. తమ నిర్ణయాన్ని ఖండించడానికి కావలసిన సామగ్రిని తామే లోకం చేతిలో పెట్టినారు. 1893లో గాస్కెల్, షోర్ అనే ఇద్దరు కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు ఈ నివేదికను తూర్పారబట్టగలిగినారంటే అది కొంతవరకు నివేదిక నిజాయితీ వల్లనే. మరొక గుణం, దాని ఆచరణ సూత్రాలు. రోగిని వెల్లకిల పరుండబెట్టాలి. మెడకు, రొమ్ముకు, పొట్టకు బిగుతు బట్ట ఉండరాదు. వీలైతే కడుపు ఖాళీగా ఉండాలి. శ్వాసకు ఏ క్షణంలోనూ అడ్డు రాకూడదు. ఆపరేషనుకు ముందు ఇవి సరిచూసుకొమ్మని కాగితం మీద పెట్టడం 1890 నాటికి చిన్న సంగతి కాదు. డాక్టరు లారీ చేతిలో రోగులు క్షేమంగా ఉండినారంటే ఇవి కారణం కావచ్చును, ఆయన సిద్ధాంతం కాకపోవచ్చును. మంచి అలవాటు వల్ల వచ్చిన ఫలితం చెడ్డ సిద్ధాంతానికి సాక్ష్యంగా నిలబడడం వైద్యంలో చాలాసార్లు జరిగినది.

ఇక దోషాలు. మొదటిది సంఖ్యకు సంబంధించినది. 490 అంటే పెద్ద సంఖ్యగా తోస్తుంది. కాని మనం వెదికే సంగతి ఎంత అరుదైనదో చూడండి. 1890ల తొలి కాలంలో జెనీవా నగరపు శస్త్రవైద్యుడు జూలియార్ అనేక ఆసుపత్రుల లెక్కలను కూర్చినాడు. క్లోరోఫారం పీల్చిన 5,24,507 మందిలో 161 మంది చనిపోయినారు; అనగా 3,258 మందికి ఒకరు. ఈథరు పీల్చిన 3,14,738 మందిలో చనిపోయినవారు 21 మంది. అనగా దాదాపు 15 వేలమందికి ఒకరు. ఇప్పుడు ఒక బస్తాలో 3,258 తెల్ల గింజలకు ఒక నల్లగింజ చొప్పున కలిపినారనుకొందాం. అందులోనుంచి 490 గింజలు తీసి, నల్లది ఒకటీ కనబడలేదు కనుక బస్తాలో నల్లగింజలే లేవు అన్నవాణ్ణి ఏమనాలి? నల్లగింజ తగలకపోవడానికి నూటికి 86 పాళ్ళు అవకాశం ఉన్నది. కమిషన్‌వారి సున్న ఇటువంటి సున్న.

గణితజ్ఞులకు ఇందులో ఒక సులువైన సూత్రం ఉన్నది. ఎన్నిసార్లు చూచినా ఒక్కసారీ కీడు కనబడకపోతే, ఆ చూచిన సంఖ్యను మూడుతో భాగించండి. కీడు అంతమందికి ఒకటి చొప్పున ఉండి కూడా కంటబడకపోయే అవకాశం నూటికి సుమారు అయిదు పాళ్ళు ఉంటుంది. 490ని మూడుతో భాగిస్తే 163. అంటే 163 జంతువులలో ఒకదానికి గుండె ముందు ఆగుతుందన్న మాటనుకూడా ఈ పరీక్షలు గట్టిగా కొట్టివేయలేవు. సైమ్ గారి అయిదు వేల సంగతీ ఇంతే. జూలియార్ లెక్క ప్రకారం అయిదు వేలమందిలో సగటున ఒకటిన్నర మరణం జరగాలి. కాని సగటు వేరు, ఒక మనిషి అదృష్టం వేరు. అదే ప్రమాదంతో, అదే నేర్పుతో పనిచేసే అయిదుగురు సర్జనులు ఉంటే, వారిలో ఒకరికి ఏ మరణమూ ఎదురు కాకుండానే అయిదు వేలు గడచిపోతుంది. ఆ ఒకరు గొప్ప గురువై, తన పద్ధతే సురక్షితమని శిష్యులకు చెబుతాడు. తక్కిన నలుగురు నోరు మెదపరు. సైమ్ ఆ ఒకడే అని నేను అనడం లేదు. కాడని ఆయన లెక్క చెప్పలేదంటున్నాను.

రెండవ దోషం ఇంకా లోతైనది. సంఖ్య వేలకు పెరిగినా అది తీరేది కాదు. కమిషన్‌వారు ఆరోగ్యంగా ఉన్న జంతువులకు క్లోరోఫారం ఎక్కువ ఎక్కువగా ఇచ్చి, అవి చనిపోయేటప్పుడు ముందు ఏది ఆగుతుందో చూచినారు. మోతాదు మించి చంపితే శ్వాస ముందు ఆగడం నిజమే కావచ్చును. కాని హన్నా గ్రీనర్ మోతాదు మించి చనిపోయినట్లు తోచదు. ఆమెవంటివారి మరణాలు తరచు మత్తు పూర్తిగా పట్టకముందే, భయపడుతున్న మనిషిలో, గోరో పన్నో తీసే చిన్న పనిలో సంభవించినవి. ఈ రహస్యాన్ని 1911లో గుడ్‌మన్ లీవీ బయటపెట్టినాడు. పిల్లులకు క్లోరోఫారం కొద్దిగా ఇచ్చి, ఆ తేలిక మత్తులో అడ్రినలిన్ ఎక్కిస్తే, గుండె గదులు లయ తప్పి వట్టిగా వణకి, రక్తం నెట్టడం మాని, ఉన్నట్టుండి ఆగిపోతున్నవి. భయపడిన మనిషి ఒంట్లో అడ్రినలిన్ తనంతట తానే ఊరుతుంది. అంటే లండనువారి అనుమానం నిజమే: క్లోరోఫారం గుండెను తిన్నగా చంపగలదు. పైగా తక్కువ మోతాదులోనే చంపగలదు. కమిషన్‌వారు మోతాదు పెంచిన కొద్దీ తాము వెదుకుతున్న మరణానికి దూరమైనారు!

రక్తపు పోటు గీతల విషయంలో నాకు మరొక అభ్యంతరం ఉన్నది. క్లోరోఫారం ఇచ్చినకొద్దీ పోటు పడిపోవడం వారి గీతలలోనే కనబడుతున్నది. కమిషన్‌వారు దానిని ప్రమాద సూచనగా తీసుకోక, అది మందు వ్యాపించకుండా శరీరం చేసుకొనే రక్షణ అని వాదించినారు. గాస్కెల్, షోర్ తమ పరీక్షలతో ఈ వాదాన్నే ఖండించినారు: పోటు పడిపోవడంలో గుండె నీరసించడానికీ పాలు ఉన్నది. యంత్రం చెడ్డదని చెబుతున్నా, తీర్పు ముందే రాసుకొన్నవాడికి అది మంచిదిగా వినబడుతుంది. బ్రంటన్ ఎంత నిష్పక్షపాతిగా వచ్చినా, పరీక్షల నక్షా వేసినది లారీ పక్షం ప్రశ్న. ఏది ముందు ఆగుతుంది అని అడిగినారే గాని, ఎంతమందికి ఏమవుతుంది అని అడగలేదు.

మూడవది, వారు లెక్క ఆపిన చోటు. మత్తు దిగి జంతువు లేస్తే అది క్షేమమే. కాని 1894లో లండను వైద్యుడు లెనర్డ్ గత్రీ కొందరు పిల్లల కథ ప్రకటించినాడు. వారికి క్లోరోఫారం ఇచ్చినారు, ఆపరేషను బాగా జరిగినది, మెలకువ వచ్చినది. ఆ తరువాత వాంతులు, సంధి పట్టి, కొద్దిరోజులలో చనిపోయినారు. వారి కాలేయాలు కొవ్వు పట్టి చెడిపోయి ఉండినవి. బల్లమీది మరణాన్ని మాత్రమే లెక్కపెట్టేవాడి పుస్తకంలో ఈ పిల్లలందరూ బతికినవారి జాబితాలోనే ఉంటారు.

లెక్క పద్ధతి అప్పటికే ఎవరికీ తెలియదనడం సరికాదు. హైదరాబాదు నివేదిక వెలువడిన మరుసటేడే, 1891లో, బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ ఒక సంఘాన్ని వేసినది. ఆ సంఘం వైద్యులకు ముద్రించిన పత్రాలు పంపి, మంచి జరిగినా చెడు జరిగినా ప్రతి మత్తునూ అందులో రాయమన్నది. దాదాపు 26 వేల సందర్భాలు పోగైనవి. 1900లో ఆ సంఘం ఇచ్చిన నివేదికలో క్లోరోఫారమే ఎక్కువ ప్రమాదకరమని తేలినది. ఒక జంతువును కూడా చంపనక్కరలేకపోయినది, ఎవరి గురువునూ ఆశ్రయించనక్కరలేకపోయినది. నీరసమైన, చప్పని పని. హైదరాబాదు పరీక్షలకు వచ్చిన ప్రఖ్యాతిలో పదోవంతు కూడా దానికి రాలేదు.

అయితే మనుషులను లెక్కపెట్టినంత మాత్రాన అన్నీ తేలవు. నాడినీ, రక్తంలోని ప్రాణవాయువునూ వేలి కొసన తగిలించిన చిన్న మరతో చూపే ఆక్సిమీటరు ఈనాడు ప్రతి ఆపరేషను గదిలోనూ ఉండవలసిన వస్తువు. దానిమీద 1993లో డెన్మార్కులో పెద్ద పరీక్ష ఫలితాలు వచ్చినవి: 20,802 మంది రోగులు, సగం మందికి మర, సగం మందికి లేదు. మర ఉన్నచోట ప్రాణవాయువు తగ్గిన సందర్భాలు సుమారు 19 రెట్లు ఎక్కువగా కనిపెట్టినారు. కాని ఆపరేషను తరువాతి చిక్కులలో మాత్రం చెప్పుకోదగిన తేడా కనబడలేదు. ఇరవై వేలమంది కూడా చాలలేదు! మత్తుమందు ఇచ్చేవారిలో నూటికి 80 మంది మర ఉంటే తమకు ధైర్యంగా ఉన్నదని చెప్పినారట. ధైర్యం డాక్టరు లారీకి కూడా ఉండినది. మరను వదులుకొమ్మని నేను అనను, నాకే ఆపరేషను జరిగితే పెట్టమనే అడుగుతాను. కాని వైద్యుడి ధైర్యాన్ని రోగి క్షేమానికి కొలతగా తీసుకోరాదు.

ఇంతకాలం తరువాత ఈ పాత నివేదికను తిరగవేయడానికి కారణం, అందులోని మూడు దోషాలూ నేటి లెక్కలలో కనబడడమే. ‘మా ఆసుపత్రిలో ఈ సంవత్సరం ఒక్క మరణమూ లేదు’ అన్న మాట మనం వింటూనే ఉంటాం. ఏడాదికి 200 ఆపరేషన్లు చేసే చోట ఈ సున్నను మూడు సూత్రంతో చూస్తే, 67 మందికి ఒకరు చనిపోయే చోటు కూడా అదే సున్న చూపవచ్చునని తేలుతుంది. రోగులు ఎటువంటివారన్నది తెలియకుండా పోలికా చెల్లదు. ఆపరేషనుకు ముందే రోగి స్థితికి తరగతులు కట్టే పద్ధతిని అమెరికా మత్తు వైద్యులు 1941లో మొదలుపెట్టినారు. ఆ తరగతి రాయని చోట, గట్టివారికి మాత్రమే కత్తి పెట్టేవాడు మహానిపుణుడుగా కనబడతాడు. ప్రాణం మీదికి వచ్చినవారిని చేర్చుకొనేవాడు హంతకుడుగా కనబడతాడు.

అన్నిటికన్న పెద్దది లెక్క ఆపే చోటు. 2018లో ఆఫ్రికాలోని 25 దేశాలు, 247 ఆసుపత్రులు కలిసి తమ రోగుల లెక్కలు ప్రకటించినవి. పదకొండు వేల పైచిలుకు మందిలో 239 మంది చనిపోయినారు. వారిలో 225 మంది ఆపరేషను రోజు దాటిన తరువాత చనిపోయినవారే. బల్లమీది మరణాలను మాత్రమే రాసుకొని ఉంటే ఆ దేశాల లెక్క ఎంత అందంగా ఉండేదో ఊహించుకోండి. దూరం పోనక్కరలేదు. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో 34 మంది స్త్రీలకు ఒకే రోజున కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగినవి. ఆ సాయంత్రం లెక్క తీస్తే 34కు 34 విజయవంతం. తరువాతి కొద్దిరోజులలో వారిలో నలుగురు చనిపోయినారు. అఫ్జల్‌గంజ్‌కు ఆ ఊరు ఎంతో దూరం కాదు.

ఆపరేషనుకు ముందు, కత్తి పెట్టబోయే ముందు, రోగి గది విడిచే ముందు సరిచూడవలసిన అంశాల పట్టికను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ప్రకటించినది. ఎనిమిది నగరాల ఆసుపత్రులలో దాన్ని పరీక్షించినారు, ఢిల్లీ వాటిలో ఒకటి. మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గినవని 2009లో తేలినది. ఇక్కడ మెచ్చుకోదగినది, రోగి ఇల్లు చేరేవరకు గాని, ముప్పై రోజులవరకు గాని లెక్క సాగించినారు. కాని 2014లో కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రులను చూస్తే, పట్టిక దాదాపు అంతటా నింపుతున్నట్లు రాసి ఉన్నది. మరణాలు మాత్రం 0.71 నుంచి 0.65కే తగ్గినవి. యాదృచ్ఛికంగానే రాగల తేడా అది. పట్టిక పనికిరాదని దీనికి అర్థం కాదు. గడిలో టిక్కు పెట్టడం ఒకటి, గదిలో అందరూ ఒక నిమిషం ఆగి ఒకరినొకరు అడగడం మరొకటి. రిజిస్టరుకు ఎక్కేది టిక్కు మాత్రమే.

2015లో లాన్సెట్ పత్రిక మరొక కమిషన్ నివేదికను ప్రకటించినది. అది లోకమంతటి శస్త్రచికిత్సకు సంబంధించినది. ప్రతి దేశమూ లెక్కించవలసిన ఆరు అంశాలలో ఆపరేషను తరువాతి మరణాల పాలును ఒకటిగా చేర్చినది. ఇక మన రిజిస్టర్ల సంగతి. పేరు, తేదీ, ఆపరేషను పేరు, సర్జను సంతకం అనే గడుల పక్కన మరి రెండు గీస్తే చాలు: ఆపరేషనుకు ముందు రోగి ఏ తరగతిలో ఉన్నాడు, ముప్పయ్యవ రోజున బతికి ఉన్నాడా. రెండవ గడి నింపడానికి ఎవరో ఒకరు ఆ ఇంటికి ఫోను చేయాలి, లేదా ఊళ్ళోని ఆశా కార్యకర్తను అడగాలి. ఆ గడి ఖాళీగా ఉన్నంతకాలం పక్క పేజీలోని సున్నను నేను నమ్మను.